ఆల్బమ్ ఫైళ్ళు తెరుస్తుంటే మధ్యమధ్యలో హ్యాంగ్ అవుతోంది, కాసేపటికి దానంతటదే కదులుతోంది

ప్రశ్న
ఆల్బమ్ డిజైనర్, అంబాజీపేట దగ్గర

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో అంబాజీపేట పక్కన పల్లెటూరు. మా ఆయన పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తారు, వీడియో ఎడిటింగ్ కూడా ఆయనే. ఆల్బమ్ డిజైనింగ్ మొత్తం నేను చూసుకుంటాను. ఆషాఢంలో చేతిలో పెద్దగా పని ఉండదు కానీ శ్రావణం మొదలైందంటే ముహూర్తాల మీద ముహూర్తాలు. సరిగ్గా ఈ టైంలోనే ఈ సమస్య వచ్చింది. అందుకే వివరంగా రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఏది ఎక్కడుందో చెప్తాను. మాది పాత మండువా ఇల్లు. వీధి వైపు గదిలో ఇంటర్నెట్ రౌటర్, దాని పక్కనే ఫొటోలన్నీ దాచుకునే నాస్ బాక్సు (నెట్‌వర్క్ మీద ఇద్దరం వాడుకునే డిస్కుల పెట్టె) ఉన్నాయి. బాక్సులో 4 టీబీ డిస్కులు రెండు, రెండింట్లోనూ ఒకే డేటా ఉండేలా పెట్టాం. మేం పని చేసుకునే గది మాత్రం వెనక దొడ్లో ఉంది. ఒకప్పుడు అది ధాన్యం కొట్టు. సున్నం వేయించి, ఏసీ పెట్టించి స్టూడియోగా మార్చుకున్నాం. ఇంటికీ ఆ గదికీ మధ్య 40 మీటర్ల దూరం ఉంటుంది. రౌటర్ నుంచి ఒక నెట్‌వర్క్ కేబుల్ ఇంటి చూరు కింద నుంచి వచ్చి, కొబ్బరి చెట్లకు కట్టుకుంటూ దొడ్డి దాటి ఆ గదిలోకి వెళ్తుంది. అక్కడ ఐదు పోర్టుల చిన్న గిగాబిట్ స్విచ్ ఉంది. దానికే నా కంప్యూటర్, మా ఆయన కంప్యూటర్ తగిలించాం. రెండూ విండోస్ 11.

ఇక అసలు సంగతి. ఫొటోషాప్‌లో ఒక షీటు తెరిచి పని చేస్తూ ఉంటాను. సేవ్ కొట్టగానే ఉన్నట్టుండి తిరుగుడు చక్రం వస్తుంది. ఫోల్డరు మీద క్లిక్ చేస్తే ‘నాట్ రెస్పాండింగ్’ అని తెల్లబడుతుంది. ఏమీ ముట్టుకోకుండా అలాగే వదిలేస్తే ఒక్కోసారి అర నిమిషానికి, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపటికి దానంతటదే కదులుతుంది, ఏమీ జరగనట్టు పని చేస్తుంది. ఆ తర్వాత గంటసేపు బాగుండొచ్చు, ఐదు నిమిషాలకే మళ్ళీ రావొచ్చు. ఎక్కువగా పొద్దున పూట వస్తోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుంటే చాలాసార్లు ఇబ్బందే ఉండదు. మా ఆయన కంప్యూటర్‌లో కూడా అంతే. ఇద్దరికీ ఒకేసారి ఆగుతోంది.

విచిత్రం ఏమిటంటే అలా ఆగిపోయినప్పుడు కూడా యూట్యూబ్‌లో పెట్టుకున్న పాట ఆగదు. అందుకని నెట్‌వర్క్ బాగానే ఉంది, తేడా నాస్ బాక్సులోనే ఉందని మేం అనుకుంటున్నాం. మాకు కంప్యూటర్లు చూసే అతను కూడా బాక్సు పాతబడింది, కొత్తది కొనమంటున్నాడు. ఇంకొకరు విండోస్‌లో ఎస్ఎంబీ 1 అనేది ఆన్ చేస్తే సరిపోతుందన్నారు. అది ఇంకా చేయలేదు. బాక్సు మార్చడమంటే చిన్న ఖర్చు కాదు కదండీ. పైగా అందులో ఎన్నో ఇళ్ళ పెళ్ళి ఫొటోలున్నాయి. వాళ్ళకు అవి మళ్ళీ వచ్చేవి కావు. అందుకని ఊహ మీద ఏదో ఒకటి మార్చేయడం నాకిష్టం లేదు. లోపం ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి చెప్పండి, ఎంత ఓపికైనా పడతాను.


జవాబు
కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్, భీమవరం

మేడమ్, మీరు వివరాలన్నీ ఇచ్చారు కాబట్టి చెప్పడం తేలికైంది. బాక్సు ఇప్పుడే కొనకండి. ఎస్ఎంబీ 1 అసలు ముట్టుకోకండి. అది ఫైల్ షేరింగ్‌కు వాడే పాత భాష. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది దానిలోని రంధ్రం గుండానే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని మామూలుగా ఇవ్వడం మానేసింది. మీ రెండు కంప్యూటర్లూ ఇప్పటికే కొత్త భాషలో మాట్లాడుతున్నాయి. లేకపోతే మధ్యాహ్నం పూట మాత్రం ఎలా పని చేస్తుంది?

పాట ఆగలేదు కాబట్టి నెట్‌వర్క్ బాగుందని అనుకోవద్దు. చాలామంది పొరబడేది ఇక్కడే. యూట్యూబ్ రాబోయే భాగాన్ని ముందుగానే దింపి పెట్టుకుంటుంది. లైను కాసేపు తెగినా ఆ నిల్వ మీద పాట నడుస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. ఫైల్ షేరింగ్‌కు అలాంటి నిల్వ లేదు. మీరు సేవ్ కొట్టినప్పుడు ప్రతి ముక్కకూ అవతలి నుంచి ‘అందింది’ అనే జవాబు రావాలి. రాకపోతే కంప్యూటర్ కొంచెం ఆగి మళ్ళీ పంపుతుంది. అప్పటికీ రాకపోతే అంతకు రెట్టింపు సేపు ఆగి పంపుతుంది, తర్వాత దానికీ రెట్టింపు. కొన్నిసార్లు అలా చూసి, ఇక లాభం లేదనుకుంటే ఆ కనెక్షన్ వదిలేసి, కొత్తగా కలిసి, పాస్‌వర్డ్ చెప్పి, ఫైళ్ళను తిరిగి తెరుచుకుంటుంది. అందుకే లైను తెగింది కొద్ది సెకన్లే అయినా మీకు అర నిమిషం ఆగినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది ఇది. కాలువ చివర చేనుకు నీళ్ళు రాకపోతే ఏ లాకు దగ్గర ఆగాయో పైనుంచి చూసుకుంటూ వస్తాం కదా, అలాగే చూద్దాం. మీ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు మూడు తెరవండి. మూడింట్లోనూ పింగ్ కమాండు (అవతలి పరికరం పలుకుతోందా అని అడిగేది) ఇచ్చి, చివర మైనస్ టి పెట్టండి. అలా పెడితే మీరు ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. మొదటి దాంట్లో రౌటర్ అడ్రసు (నెట్‌వర్క్‌లో దానికుండే నంబరు), రెండో దాంట్లో నాస్ అడ్రసు, మూడో దాంట్లో మీ వారి కంప్యూటర్ అడ్రసు ఇవ్వండి. పింగ్‌కు జవాబివ్వకుండా విండోస్ ఫైర్‌వాల్ అడ్డుకుంటే ఆ కంప్యూటర్‌లో ఫైల్ షేరింగ్ అనుమతి ఆన్ చేస్తే ఇస్తుంది. మూడూ ఒకే తెరమీద పక్కపక్కన పెట్టుకుని మీ పని మీరు చేసుకోండి.

హ్యాంగ్ అయిన క్షణంలో వాటి వైపు చూడండి. నాస్ ఒక్కటే జవాబు ఇవ్వకపోతే బాక్సునో దాని కేబుల్‌నో అనుమానించాలి. రౌటర్, నాస్ రెండూ ఒకేసారి మూగబోయి, మీ వారి కంప్యూటర్ మాత్రం పలుకుతూ ఉంటే ఇంటికీ గదికీ మధ్య దారిలో తేడా ఉంది. మూడూ ఆగిపోతే గదిలోని స్విచ్ గానీ దాని అడాప్టర్ గానీ. మూడూ చక్కగా పలుకుతున్నా ఫైలు ఆగిందంటే నెట్‌వర్క్‌ను వదిలేసి డిస్కుల వైపు వెళ్ళాలి.

ఇది తేలేదాకా ఇంకేదీ మార్చకండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు.


జవాబు
ఫొటో స్టూడియో, తణుకు

మా దగ్గరా నాస్ ఉంది కాబట్టి డిస్కుల సంగతి చెప్తాను. కాసేపు ఎవరూ వాడకపోతే డిస్కు తిరగడం ఆపి నిద్రపోయేలా సెట్టింగ్ ఉంటుంది. మళ్ళీ లేచి తిరగడానికి పది సెకన్ల దాకా పడుతుంది. అయితే అది పనికి కూర్చున్నప్పుడు మొదటి ఫైలు దగ్గరే వస్తుంది, పని మధ్యలో రాదు. మీది పని మధ్యలో వస్తోందంటున్నారు కాబట్టి అది కాకపోవచ్చు.

రెండోది, డిస్కు ఆరోగ్యం. నాస్ పేజీలో స్మార్ట్ అని ఒక రిపోర్టు ఉంటుంది. అందులో 5, 197 నంబర్ల వరసలు చూడండి. 5 అంటే చెడిపోయి పక్కన పెట్టేసిన చోట్లు, 197 అంటే చదవలేక తీర్పు కోసం ఆపి పెట్టిన చోట్లు. రెండూ సున్నా అయితే చాలా మంచిది. మామూలు డెస్క్‌టాప్ డిస్కు చదవలేని చోటు తగిలితే పట్టు వదలకుండా చాలాసేపు ప్రయత్నిస్తూ ఉంటుంది, అప్పుడు అంతా ఆగిపోతుంది. నాస్ కోసం చేసిన డిస్కులైతే కొద్ది సెకన్లకే వదిలేసి రెండో డిస్కు నుంచి తెచ్చుకోమంటాయి.

ఇంకో మాట. షీటును నాస్ మీద నుంచి నేరుగా తెరిచి పని చేయకండి. అడోబీ వాళ్ళే ఫొటోషాప్ ఫైళ్ళను సొంత డిస్కులో పెట్టుకుని పని చేయమని చెప్తారు. పొద్దున కాపీ చేసుకోండి, సాయంత్రం తిరిగి పెట్టేయండి. మేం అలాగే చేస్తాం.


జవాబు
రొయ్యల చెరువు, ముమ్మిడివరం వైపు

మాకు ఇలాంటిదే వస్తే కారణం వేరే దొరికింది. చెరువు దగ్గర కెమెరాల రికార్డింగ్ దాచే డీవీఆర్‌కు అడ్రసు చేత్తో ఇచ్చేశారు. అదే అడ్రసును రౌటర్ ఇంకో కంప్యూటర్‌కు కూడా ఇచ్చింది. ఒకే అడ్రసుతో రెండు ఉంటే ఒకసారి దీనికి, ఒకసారి దానికి వెళ్తుంది. మీ నాస్ అడ్రసు చేత్తో పెట్టిందైతే, రౌటర్ పంచే అడ్రసుల వరసలో అది లేకుండా చూసుకోండి. హ్యాంగ్ అయినప్పుడొకసారి, బాగున్నప్పుడొకసారి కమాండ్ ప్రాంప్ట్‌లో ఏఆర్‌పీ మైనస్ ఏ అని కొట్టి నాస్ అడ్రసు ఎదురుగా ఉన్న ఫిజికల్ అడ్రసు (పరికరానికి సొంతంగా ఉండే నంబరు) చూడండి. రెండుసార్లూ ఒకటే ఉండాలి. మారిందంటే దొంగ దొరికినట్టే.


ప్రశ్న అడిగినవారు
ఆల్బమ్ డిజైనర్, అంబాజీపేట దగ్గర

అందరికీ చాలా థాంక్సండి. ఒక్కొక్కటీ చేశాను.

తణుకు వారు చెప్పిన రెండు వరసలూ రెండు డిస్కుల్లోనూ సున్నాలే. మనసు కుదుటపడింది. ముమ్మిడివరం వారు చెప్పినట్టు ఫిజికల్ అడ్రసు కూడా చూశాను, హ్యాంగ్ అయినప్పుడూ అదే, బాగున్నప్పుడూ అదే. నాస్ అడ్రసు రౌటర్ పంచే వరసకు బయటే ఉంది.

ఇక పింగ్. రాత్రి వాన పడింది. పొద్దున కూర్చున్న కాసేపటికే మొదలైంది. రౌటర్ కిటికీలో, నాస్ కిటికీలో ఒకే క్షణంలో ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని వరసగా పడ్డాయి. మా ఆయన కంప్యూటర్‌ది మాత్రం ఒక్కటీ తప్పకుండా వస్తూనే ఉంది. కాసేపటికి ఆ రెండూ మళ్ళీ కలిసే మొదలయ్యాయి. ఎప్పుడు హ్యాంగ్ అయినా ఇదే వరస. అంటే భీమవరం వారు చెప్పినట్టు మధ్య దారేనా? కానీ జరిగినవన్నీ రాసిపెట్టే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో నెట్‌వర్క్ తెగినట్టు ఎక్కడా రాయలేదు. మా ఆయన అదే పట్టుకుని, కేబుల్ తెగితే కంప్యూటర్‌కు తెలియదా అంటున్నారు.


జవాబు
కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్, భీమవరం

మీ వారు అడిగింది మంచి ప్రశ్న. మీ కంప్యూటర్ కేబుల్ గదిలోని స్విచ్ వరకే కదా. ఆ ముక్క బాగున్నంతకాలం విండోస్‌కు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. స్విచ్‌కు అవతల ఏం తెగినా దానికి తెలిసే దారి లేదు, జవాబులు రావడం లేదని మాత్రమే తెలుస్తుంది. మీ చిన్న స్విచ్ అలాంటి చిట్టా (లాగ్) ఏదీ రాయదు. దాని సాక్ష్యమంతా లైట్లలోనే ఉంటుంది. ఇంటి నుంచి వచ్చే కేబుల్ ఏ పోర్టులో ఉందో ఆ లైటును హ్యాంగ్ అయినప్పుడు చూడండి. చాలా స్విచ్‌లలో గిగాబిట్‌కు (సెకనుకు 1000 మెగాబిట్లు) ఒక రంగు, 100 మెగాబిట్‌కు ఇంకో రంగు ఉంటుంది. ఆరిపోతోందా, రంగు మారుతోందా గమనించండి.

రెండో పరీక్ష. ల్యాప్‌టాప్ ఉంటే పొద్దున పూట, అంటే తేడా చేసే టైంలో, వీధి గదిలోకి తీసుకెళ్ళి చిన్న కేబుల్‌తో రౌటర్‌కు తగిలించి ఒక పెద్ద ఫోల్డరు నాస్ నుంచి కాపీ చేయండి. గిగాబిట్ లైను సరిగా ఉంటే సెకనుకు 110 ఎంబీ దగ్గర రావాలి. తర్వాత అదే ల్యాప్‌టాప్‌ను వెనక గదిలోకి తెచ్చి, స్విచ్‌ను తప్పించి, ఇంటి నుంచి వచ్చే పొడుగు కేబుల్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టి అదే ఫోల్డరు కాపీ చేయండి. ఇప్పుడు తెగితే మాత్రం విండోస్ లాగ్‌లో రాస్తుంది, ఎందుకంటే తెగేది దాని సొంత కేబులే. కాపీ 11 ఎంబీ దగ్గర నడుస్తుంటే లైను 100 మెగాబిట్‌కు పడిపోయిందని అర్థం.

ఎందుకలా పడుతుందో కూడా చెప్తాను. కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100 మెగాబిట్‌కు నారింజ, ఆకుపచ్చ జతలు రెండు చాలు. గిగాబిట్‌కు నీలం, గోధుమ రంగు జతలు కూడా కావాలి. ఎంత స్పీడులో మాట్లాడుకుందామని రెండు వైపులా ఒప్పందం చేసుకునేది మాత్రం మొదటి రెండు జతల మీదే. నీలం జత చెడిపోయి ఉన్నా రెండు వైపులా ‘గిగాబిట్’ అని ఒప్పుకుంటాయి, తీరా మొదలుపెడితే కుదరదు. మళ్ళీ మొదటికొస్తాయి. కొన్ని పోర్టులు తెలివిగా 100కి దిగుతాయి, కొన్ని అదే పనిగా గిగాబిట్ కోసమే ప్రయత్నిస్తాయి. ఆ ప్రయత్నం జరిగినంతసేపూ మీకు లైను లేనట్టే.


జవాబు
రిటైర్డ్ టెలిఫోన్ లైన్‌మన్, నరసాపురం

అమ్మా, ఈ సంభాషణ మొత్తం చదివాను. కంప్యూటర్ల గురించి నాకు తెలిసింది తక్కువ. కానీ తీగల గురించి తెలుసు, మన ప్రాంతపు గాలి గురించి కూడా తెలుసు. రాత్రి వాన పడితే పొద్దున తేడా, ఎండెక్కాక బాగు అని మీరు రాయగానే నాకు మా పని గుర్తొచ్చింది. వానాకాలంలో ఫోనులో గరగర అని కంప్లైంటు వస్తే మేం ఇన్‌స్ట్రుమెంటు విప్పేవాళ్ళం కాదు, తిన్నగా జాయింటు దగ్గరకు వెళ్ళేవాళ్ళం. పదిలో తొమ్మిదికి అక్కడే ఉండేది తడి. ఎండ కాస్తే ఆరిపోయి ఫోను బాగైపోతుంది. ‘చూడండి బాగానే ఉంది’ అని ఫిర్యాదు మూసేస్తే మళ్ళీ వానకు మళ్ళీ వచ్చేది.

మీ కేబుల్‌కు బయట ఎక్కడైనా జాయింటు ఉందా? నల్ల టేపు చుట్టి ఉన్న చోటు ఏదైనా కనిపిస్తే అది విప్పి చూడండి. నల్ల టేపు నీటిని ఆపదమ్మా. పై నుంచి వచ్చే చినుకును కాస్త ఆపుతుంది, పక్కల నుంచి లోపలికి వెళ్ళిన చెమ్మను మాత్రం బయటికి పోనివ్వదు. మన వైపు గాలిలో ఎప్పుడూ చెమ్మే. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఉప్పు కూడా. రాగికి చిలుము పట్టడానికి అంతకన్నా ఏం కావాలి. భూమిలో వేసే టెలిఫోన్ కేబుల్‌లో జెల్లీ నింపి ఇచ్చేవారు, తొడుగు ఎక్కడైనా చిట్లినా నీరు తీగ వెంట పాకకుండా. ఇళ్ళ లోపల వేసే నెట్‌వర్క్ కేబుల్‌లో ఆ ఏర్పాటేదీ ఉండదు. దాని తొడుగు కూడా ఎండకు పెళుసెక్కి పగులుతుంది.


ప్రశ్న అడిగినవారు
ఆల్బమ్ డిజైనర్, అంబాజీపేట దగ్గర

ఉందండి! లైన్‌మన్ గారు చెప్పినట్టే ఉంది.

ముందు భీమవరం వారి పరీక్షలు. వీధి గదిలో చిన్న కేబుల్‌తో కాపీ ఎక్కడా ఆగలేదు, 110 దగ్గర నడిచింది. అదే ఫోల్డరు వెనక గదిలో పొడుగు కేబుల్ మీద కాపీ చేస్తే మొదట బాగా పరిగెత్తి, ఆగి, 11కి పడి, మళ్ళీ ఆగింది. లాగ్‌లో లింకు తెగింది, కలిసింది అని వరసగా రాసి ఉంది. స్విచ్‌కు తగిలించి చూసినప్పుడు దాని లైటు ఆకుపచ్చ నుంచి నారింజకు మారడం మా ఆయన కళ్ళారా చూశారు. నాస్ బాక్సును అనుమానించినందుకు దానిమీద జాలేసింది నాకు.

తర్వాత కేబుల్ వెంబడి నడిచాం. మావయ్య గారు గుర్తు చేశారు, ఆమధ్య కొబ్బరి మట్ట విరిగి కేబుల్ మీద పడితే అది తెగిందట, కేబుల్ వేసినవాళ్ళే వచ్చి కలిపి వెళ్ళారట. ఆ చోటు రెండో చెట్టు దగ్గర, తలెత్తితే గానీ కనిపించనంత ఎత్తులో ఉంది. చుట్టూ నల్ల టేపే. విప్పితే లోపల చిన్న ప్లాస్టిక్ కప్లర్, రెండు వైపుల నుంచీ రెండు ప్లగ్గులు. కప్లర్‌ను వంచితే నీటి చుక్క రాలింది. ప్లగ్గుల్లో బంగారు రంగులో ఉండాల్సిన పళ్ళు ఆకుపచ్చగా, తెల్లగా పొడి పట్టి ఉన్నాయి. ఒక తీగ చేత్తో ముట్టుకుంటేనే ఊడొచ్చింది. చీమలు కూడా పుట్ట పెట్టేశాయి అందులో.

ఇప్పుడేం చేయమంటారు? జాయింటు శుభ్రం చేసి కొత్త కప్లర్ పెట్టి సిలికాన్ వేస్తే చాలా, కేబుల్ మొత్తం మార్చాలా? ఈలోగా పని ఆగకుండా ఏదైనా దారి ఉంటే చెప్పండి. పిఠాపురం పార్టీ వాళ్ళ ఆల్బమ్ ప్రింటుకు వెళ్ళాలి. పెళ్ళికూతురి నాన్నగారు రోజూ ఫోన్ చేస్తున్నారు, ఆయన తొందర నాకు అర్థమవుతోంది.


జవాబు
కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్, భీమవరం

జాయింటు బాగు చేయొద్దు మేడమ్. ఇవాళ ఇది, రేపు పక్క చోటు. ప్రస్తుతానికి జాయింటు లేని 50 మీటర్ల కేబుల్ ముక్క కొనుక్కుని, కిటికీల్లోంచి నేల మీద పరిచి పని కానిచ్చేయండి. 100 మీటర్ల లోపు కాబట్టి ఇబ్బంది లేదు. పైన చెప్పినట్టు ఆల్బమ్ ఫైళ్ళు సొంత డిస్కులోకి కాపీ చేసుకుని పని చేస్తే ఈ వారం గండం గడుస్తుంది.

నెట్‌లో చదివి ఎవరైనా ‘కంప్యూటర్‌లో స్పీడు 100 ఫుల్ డ్యూప్లెక్స్ (రెండు వైపులా ఒకేసారి పంపుకునే పద్ధతి) అని బిగించేయండి’ అని చెప్తారు. వద్దు. ఒక వైపు బిగించి రెండో వైపు ఆటోమేటిక్‌లో ఉంటే, ఆ రెండో వైపు సగం డ్యూప్లెక్స్‌లోకి, అంటే ఒకసారికి ఒకరే పంపే పద్ధతిలోకి వెళ్తుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడుకుంటూ, పంపిన ముక్కలు దారిలో పాడై మళ్ళీ మళ్ళీ పంపాల్సి వస్తుంది. ఇప్పుడున్న సమస్యకు ఇంకోటి తోడవుతుంది.

పాత కేబుల్ తీగ ఒకటి తీసుకుని బ్లేడుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం మీద రాగి పూత. చవగ్గా దొరికే కేబుల్‌లో అదే ఉంటుంది. ప్రమాణాల ప్రకారం దాన్ని క్యాట్ 6 (గిగాబిట్‌కు వాడే కేబుల్ రకం) అనకూడదు. చెమ్మ తగిలితే తొందరగా తినేస్తుంది, నాలుగుసార్లు వంచితే విరుగుతుంది.

శాశ్వతంగా అయితే రెండు ఇళ్ళ మధ్య రాగి వద్దే వద్దు, ఫైబర్ వేయించండి. చెమ్మ ఒక్కటే కారణం కాదు. మీ కేబుల్ కొబ్బరి చెట్ల మధ్య వెళ్తోంది, పిడుగులు ఎక్కువగా ఆ చెట్ల మీదే పడతాయి. పక్క చెట్టు మీద పడినా చాలు, రాగి తీగలో వోల్టేజి ఎగిసి అటు రౌటర్, నాస్, ఇటు స్విచ్, కంప్యూటర్లు అన్నీ పోవచ్చు. ఫైబర్‌లో నడిచేది వెలుతురు, కరెంటు దాని గుండా దాటదు. రెండు చివర్లా రెండు గిగాబిట్ మీడియా కన్వర్టర్లు (వెలుతురును మామూలు కేబుల్ సిగ్నల్‌గా, దాన్ని వెలుతురుగా మార్చేవి) కావాలి. ఒకే పోగు మీద నడిచేవి జతగా అమ్ముతారు, ఏ అని ఒకటి, బి అని ఒకటి. ఒకటి 1310 నానోమీటర్ల వెలుతురు పంపితే రెండోది 1550 పంపుతుంది. రెండూ ‘ఏ’ రకమే కొంటే పలకవు, జత చూసి కొనండి. కనెక్టరు రంగు కూడా చూసుకోవాలి. ఇంటర్నెట్ కుర్రాళ్ళ దగ్గర ఆకుపచ్చవి ఎక్కువగా ఉంటాయి, కన్వర్టర్లకు మామూలుగా నీలం కావాలి. ఆకుపచ్చ దాని మొన ఏటవాలుగా ఉంటుంది, నీలం దాంట్లో పెడితే సరిగా ఆనదు, సిగ్నల్ పడిపోతుంది. కన్వర్టర్లు రెండూ, గదిలోని స్విచ్చూ ఇన్వర్టర్ లైను మీదే ఉంచండి, కరెంటు పోయినప్పుడు సేవ్ మధ్యలో ఆగకుండా.


ప్రశ్న అడిగినవారు
ఆల్బమ్ డిజైనర్, అంబాజీపేట దగ్గర

గీకి చూశామండి, లోపల తెల్లగానే ఉంది.

నేల మీద పరిచిన కేబుల్‌తో పిఠాపురం ఆల్బమ్ పూర్తి చేసి ప్రింటుకు పంపేశాను. ఫైబర్ పనికి మా ఊళ్ళో ఇంటర్నెట్ ఇచ్చే అబ్బాయిని పిలిచాం, ఫైబర్‌ను అతికే స్ప్లైసింగ్ మెషిన్ అతని దగ్గరే ఉంది. నీలం కనెక్టర్లు అమలాపురం నుంచి తెస్తానన్నాడు. ఒకటే సందేహం. పాత కేబుల్ పోయిన దారిలోనే చెట్లకు కట్టేస్తానంటున్నాడు. మావయ్య గారేమో భూమిలో గొట్టం వేద్దాం అంటున్నారు. మా దొడ్లో వానాకాలమంతా నీరు నిలుస్తుంది, ఫైబర్‌కు అది పరవాలేదా?


జవాబు
రిటైర్డ్ టెలిఫోన్ లైన్‌మన్, నరసాపురం

మీ మావయ్య గారి మాటే సరైనదమ్మా. కొబ్బరి చెట్టు గాలికి ఊగుతూనే ఉంటుంది, ఏ తీగైనా అక్కడ నలుగుతుంది. మట్టలు, కాయలు పడటం మామూలే. తుఫాను వస్తే చెట్టే ఉండకపోవచ్చు. గట్టి గొట్టం రెండడుగుల లోతులో వేయించి అందులోంచి లాగండి. గొట్టంలో నీళ్ళు నిలిచినా వెలుతురుకు వచ్చే నష్టం లేదు, జాయింటు మాత్రం లోపల ఉండకూడదు. స్ప్లైస్‌లు రెండూ గోడల లోపలే చేయించండి. మూలల దగ్గర గొట్టాన్ని ఎల్ ఆకారంలో విరవకుండా గుండ్రంగా తిప్పమనండి. ఫైబర్‌ను మడిస్తే వెలుతురు అక్కడే కారిపోతుంది.

ఇంకొకటి అడగండి అతన్ని. ఇళ్ళకు వేసే ఫైబర్‌లో బలం కోసం స్టీలు తీగ ఉండే రకం ఉంది, గ్లాసు పోగుల కడ్డీ ఉండే రకం ఉంది. మీకు రెండోది కావాలి. స్టీలు తీగ ఉన్నది వేస్తే పిడుగు భయం మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకున్నట్టే.


ప్రశ్న అడిగినవారు
ఆల్బమ్ డిజైనర్, అంబాజీపేట దగ్గర

పని అయిపోయిందండి. గొట్టంలోంచే వేయించాం, స్టీలు తీగ లేని రకమే. వేసిన రాత్రే పెద్ద వాన. పింగ్ కిటికీలు మూడూ తెల్లవార్లూ నడవనిచ్చాను, ఒక్కటి కూడా తప్పిపోలేదు. పొద్దున పూట కాపీ 110 దగ్గరే నడుస్తోంది. మా ఆయన వీడియో ఫైళ్ళు కూడా ఇప్పుడు నేరుగా నాస్ మీద నుంచే ఆగకుండా కదులుతున్నాయి. నేను మాత్రం తణుకు వారి పద్ధతే పట్టుకున్నాను, షీట్లు సొంత డిస్కులో, సాయంత్రానికి నాస్‌లో. మీ అందరికీ మా ఇంటిల్లిపాది తరఫున నమస్కారాలు.

పాత కేబుల్‌ను రెండు చివర్లా పీకించి చెట్ల మీద నుంచి దించేశాం, పిడుగుకు దారి మిగలకూడదని.


జవాబు
రిటైర్డ్ టెలిఫోన్ లైన్‌మన్, నరసాపురం

చాలా సంతోషం అమ్మా. గొట్టం రెండు మూతులూ మూయించారా? మన దొడ్లలో పందికొక్కులు గొట్టం కనిపిస్తే దూరిపోతాయి, ఫైబర్ తొడుగును కొరికేస్తాయి. ఇనుప పీచు కుక్కి పైన సిమెంటు పూయించండి. మరమ్మతు వస్తే పగలగొట్టుకోవడం తేలికే.


ప్రశ్న అడిగినవారు
ఆల్బమ్ డిజైనర్, అంబాజీపేట దగ్గర

వీధి గది వైపుది మూశారండి, దొడ్డి వైపుది తెరిచే ఉంది. మేస్త్రీకి కబురు పెట్టాం, రేపు పొద్దున్నే వస్తానన్నాడు.